బొమ్మెనకుంటకు వచ్చిన కాలువ

అంకెలంటే హనుమండ్లుకు ఎంత ఇష్టమో, మనుషులంటే అంత మొగమాటం. నలుగురి ముందర నిలబడి మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. అదే నాలుగు వందల అంకెలున్న దస్త్రం ముందర పెడితే, పెండ్లి బంతిల విస్తరి ముందర కూసున్నట్టు కాళ్లు మడుచుకొని కూసునేటోడు. మెట్‌పల్లికి ఆరు కోసుల దూరంల ఉన్న పంచాయతీ సమితి కచేరిల అతను గుమాస్తా. కూడేటప్పుడు పెదవులు ఉర్దూల కదిలేవి. చిన్నప్పటి బడి చదువు ఆ భాషలది. రాసేది ఇంగ్లీషు అంకెలు, మాట్లాడేది తెలుగు, లోపల కూడేది ఉర్దూ. ఇన్ని భాషల నడుమ కూడా లెక్క తప్పిందని అతన్ని ఎవరూ అనలేదు.

తప్పింది ఒకే ఒక్కసారి, అదీ లెక్క కాదు, వారం. నైజాం పాలన పోయిన కొత్తల అతను తాలూకా కచేరిల కుర్ర గుమాస్తా. అప్పటిదాక వారం సెలవు శుక్రవారం ఉండె. దాన్ని ఆదివారానికి మార్చిండ్రు. కాగితం అందరికీ వచ్చింది, హనుమండ్లు చదివిండు, సంతకం కూడా పెట్టిండు. శుక్రవారం వచ్చేసరికి మాత్రం తలకు నూనె పెట్టుకొని ఇంట్ల పడుకున్నడు. ఆదివారం నాడు ఇస్త్రీ అంగీ వేసుకొని కచేరికి పోయిండు. తాళం వేసి ఉంటే, అందరికంటే తానే ముందు వచ్చిననని సంబరపడ్డడు. మధ్యాహ్నం దాక మెట్ల మీదనే కూసున్నడు. చివరికి బంట్రోతు అంజన్న ఆ తొవ్వల పోతూ చూసి, ముసిముసిగ నవ్వుకుంటూ ఇంటికి తోలుకపోయిండు. అది జరిగి పదిహేనేండ్లయినా, శనివారం సాయంత్రం కచేరి మూసేటప్పుడు ఎవరో ఒకరు అననే అంటరు, “హనుమండ్లూ, రేపు ఐతారం, యాదికున్నదా?” అని.

అట్లాంటి మనిషికి, అరవై మూడో సంవత్సరం కార్తీకంల ఒక పెద్ద పని తగిలింది.

పైనుంచి కాగితం వచ్చింది. సమితి కింద నలభై రెండు బడులున్నయి. సగటు హాజరు ఇరవైకి తగ్గిన బడిని ఎత్తేసి పక్క ఊరి బడిల కలపాలన్నది ఆ కాగితం సారాంశం. బి.డి.ఓ. రామేశ్వర్‌రావు సారు హనుమండ్లును పిలిచి, జాబితా రాసుకొస్తే సభ్యులు చదవరని, గోడకు కడితే ఒక్క చూపుల తెలిసేటట్టు ఏదన్న చేయమని చెప్పిండు.

హనుమండ్లుకు కరీంనగర్ దవాఖానల వాళ్ల అవ్వ మంచం కాడ చూసిన జ్వరం కాగితం యాదికొచ్చింది. చుక్కలు పెట్టి గీతతోని కలుపుతరు. జ్వరం పెరిగితే గీత పైకెక్కుతది, తగ్గితే కిందికి దిగుతది. నాలుగు తెల్ల కాగితాలు మైదా అంటించి అతికిచ్చిండు. కింద వరుసగ నలభై రెండు ఊళ్ల పేర్లు రాసిండు. ఒక్కో ఊరి మీద, నెలనెలా బడులు పంపిన సగటు చూసి చుక్క పెట్టిండు. పదకొండు రోజులు పట్టింది. చివరికి చుక్కలన్నీ కలుపుదామంటే ఎర్రసిరా బుడ్డి ఎండిపోయి ఉండె. పోనీలే అని నీలి సిరాతోని, కొంచెం మందంగనే, గీత గీసిండు.

తంటా అక్కడనే మొదలైంది.

ఆ రోజులల్ల ఆ పక్క ఏ ఇద్దరు కలిసినా మాట్లాడేది ఒక్కటే ముచ్చట. గోదావరి మీద పోచంపాడు కాడ ఆనకట్ట కడ్తరట, కాలువలు తవ్వుతరట, నీళ్లు ఎవరి ఊరికి వస్తయట. సమితి మీటింగు నాడు సర్పంచులందరూ హాలుల అడుగుపెట్టంగనే గోడ మీద ఏం కనపడ్డది? ఊళ్ల పేర్ల మీదికెల్లి వంకరటింకరగ పోతున్న నీలి గీత.

రామేశ్వర్‌రావు సారు ఇంకా రాలే. హనుమండ్లు గోడ పక్కన కర్ర పట్టుకొని నిలబడ్డడు. పెద్ద ఊరి సర్పంచు ముత్యం గీతను కిందినుంచి పైకి చూసి, తమ ఊరి మీదికెల్లి అంత ఎత్తున పోతే నీళ్లు పొలాలకు ఎట్లెక్కుతయని అడిగిండు. పక్క ఊరాయన, ఎత్తున పోతే మాకు మంచిదే, నీ ఊరు దాటి మా దిక్కు దిగుతదన్నడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ముత్యం ఊరి బడికి నిండుగ పిల్లలు వస్తరు కాబట్టి గీత అక్కడ నెత్తికెక్కిందని చెప్పుదామని హనుమండ్లు నోరు తెరిచిండు. కర్ర ఒకసారి పైకెత్తి మళ్లీ దించిండు.

ఇంతల బొమ్మెనకుంట సర్పంచు మొండయ్య ముందుకొచ్చిండు. చిన్న ఊరు, వానను నమ్ముకున్న భూములు. అతను వేలు పెట్టి తన ఊరి పేరు వెతుక్కున్నడు. అక్కడ గీత గబుక్కున కిందికి దిగి, పేరును దాదాపు తాకుతున్నది. నలభై రెండు ఊళ్లల్ల అంత కిందికి ఇంకెక్కడా దిగలే. మొండయ్య కండ్లల్ల నీళ్లు తిరిగినయి. హనుమండ్లు కాడికొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నడు.

“నీ మేలు మా ఊరు మరువది సారూ. ముప్ఫై ఏండ్ల సంది నీళ్ల కోసం చూస్తున్నం.”

చేతులు పట్టుకొని ఏడ్చే మనిషికి, అది కాలువ కాదు, నీ ఊరి బడి హాజరు, అందరికంటే తక్కువ ఉన్నదని చెప్పాలంటే ఎంత గుండె కావాలె? హనుమండ్లు కాడ అంత లేదు. సమితి ప్రెసిడెంటు జగన్మోహన్‌రావు దొర కూడా అద్దాలు పెట్టుకొని గీతను ఆ చివర నుంచి ఈ చివరి దాక చూసి, గంభీరంగ తల ఊపి, మంచిగ గీసినవన్నడు. ఇక ఏం చెప్తడు?

రామేశ్వర్‌రావు సారు వచ్చి కూసొని తీర్మానాలు చదివిండు. సగటు చాలని బడుల విలీనం, జనవరి ఒకటో తారీఖు నుంచి, అనుకూలురు చేతులెత్తాలె. ఆ లెక్కకు దొరికిన బడి ఒక్కటే, బొమ్మెనకుంటది. మొండయ్య కండ్లు ఇంకా గోడ మీదనే ఉన్నయి. అందరికంటే ముందు చెయ్యెత్తింది అతనే.

మీటింగు అయిపోయినంక మొండయ్య హనుమండ్లును ఒదలలే. ఐతారం కచేరి ఉండదు కదా, ఊరికొచ్చి కాలువ ఎక్కడ మలుగుతదో చూపియ్యమన్నడు, భోజనం తమ ఇంట్లనే అన్నడు. హనుమండ్లు సరేనన్నడు. ఎట్లాగూ పంతులమ్మకు బడి మూత మెమో అందియ్యాలె. అక్కడైతే మొండయ్య ఒక్కడే ఉంటడు, మెల్లగ చెప్పొచ్చని అతని ఆలోచన.

ఇంట్ల భార్య లింగవ్వకు చెప్తే ఆమె పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వి, నీలి సిరాతోని గీసినంక ఎవరైనా నీళ్లే అనుకుంటరన్నది. తరువాత ఇంకో మాట అడిగింది, ఆ బడికి పిల్లలు ఎందుకు వస్తలేరని. హనుమండ్లుకు సగటు పద్దెనిమిది అని తెలుసు. ఎందుకు పద్దెనిమిది అన్నది ఏ కాగితంల కూడా లేదు.

ఐతారం నాడు మెమో అంగీ జేబుల పెట్టుకొని సైకిలెక్కిండు. మొండయ్య ఒక్కడే ఉంటడని కదా అనుకున్నది. ఊరి మొగదల సగం ఊరు నిలబడి ఉన్నది. కొబ్బరికాయ కొట్టి, దాని చిప్పలు ఒక రాయి మీద పెట్టి ఉన్నయి. ఇద్దరు గడ్డపారలు కూడా తెచ్చిండ్రు. హనుమండ్లు ఏ దిక్కు చెయ్యి చూపుతడా అని అందరూ అతని చేతుల దిక్కే చూస్తున్నరు. అతను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నడు.

“మొండన్నా, జర పక్కకు రా, ఒక్క మాట,” అనబోయిండు. అప్పుడే ఊరి నడిమి నుంచి ఎక్కాలు వినపడ్డయి. పదమూడో ఎక్కం. ఒక్కరిద్దరు కాదు, ఒక మందే అరుస్తున్నది.

“ఇయ్యాల ఐతారం గదా?” అన్నడు హనుమండ్లు. అడిగినంక తనకే అనుమానమొచ్చింది. వారం విషయంల అతనికి తన మీద తనకు నమ్మకం తక్కువ.

“ఐతారమే,” అన్నడు మొండయ్య. “మా బడి ఐతారం గూడ నడుస్తది. శుక్కురారం అంగడి గదా మరి.”

బడి అంటే ఒక పెద్ద పెంకుటిల్లు వసారా. పిల్లలు నాలుగు వరుసలల్ల కూసొని ఉన్నరు. హనుమండ్లు గుమ్మం కాడనే ఒకసారి లెక్కపెట్టిండు, ఉర్దూలనే. ఇరవై నాలుగు. అందుల పద్నాలుగు మంది ఆడపిల్లలు. పంతులమ్మ బాలలక్ష్మి గోదావరి అవతల నిర్మల్ దిక్కు మనిషి. సమితి గుమాస్తాను చూడంగనే చేతిల సుద్దముక్క కిందపడ్డది. సెలవు నాడు బడి నడుపుతూ దొరికిపోయిననని ఆమె భయం. జేబుల మెమో పెట్టుకొని వచ్చినందుకు ఇతని భయం.

జేబుల నుంచి బయటికొచ్చిన కాగితం కొసను ఆమె చూసింది.

“మెమోనా సార్?”

“మెమోనే. గానీ ముందు హాజరు పట్టీ ఇయ్యుండ్రి.”

పట్టీ చూసిండు. అతని కచేరికి నెలకు ఒక్క సగటు అంకె వస్తది, అంతే. ఏ రోజు ఎంతమంది వచ్చిండ్రన్నది అతను చూడటం అదే మొదలు. సోమవారం ఇరవై రెండు. మంగళవారం ఇరవై రెండు. అట్లనే బేస్తవారం దాక. శుక్రవారం సున్నా. శనివారం మళ్లీ ఇరవై రెండు. పేజీ తిప్పిండు. ప్రతి శుక్రవారం నిలువుగ సున్నాలే, పన్ను ఊడిన నోరు తీరుగ.

పక్క ఊర్ల శుక్రవారం అంగడి తాతల కాలం నాటిదని, ఆ ఒక్క రోజే ఊరంతా మిరపకాయలు, కూరగాయలు, మేకలు తోలుకొని పోతదని బాలలక్ష్మి చెప్పింది. పెద్దోళ్లు సరుకు మోస్తే పిల్లలు కాపలా ఉంటరు, ఆడపిల్లలు తమ్ముళ్లను ఎత్తుకొని ఉంటరు. మరి మీరేం చేస్తరని హనుమండ్లు అడిగిండు.

“నేను వస్త సార్. శుక్కురారం బడి పెట్టాలని రూలు గదా. గంట కొట్టి, కూసొని హాజరు పిలుస్త. పలికేటోళ్లు ఉండరు. అందరికీ గైరుహాజరు రాసి, తాళం వేస్త.”

“ఐతారం సంగతి?”

“ఐతారం గళ్లల్ల ఎర్ర అడ్డగీత తప్ప ఏదీ ఉండొద్దని తనిఖీకి వచ్చిన సారు చెప్పి పోయిండు. అందుకే పట్టీల రాయలే.” లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చింది. రెండేండ్ల ఆదివారాలు, ఒక్కొక్కటే, పేరుపేరునా హాజరుతోని ఉన్నయి. “ఎవరూ అడగరని తెలుసు. రాయకుంటే మనసున పట్టలే.”

హనుమండ్లు పిల్లల పీట మీదనే కూలబడి లెక్క కట్టిండు. ఐదు రోజులు ఇరవై రెండు చొప్పున నూటపది. శుక్రవారం సున్నాతోని ఆరుకు పంచితే పద్దెనిమిది చిల్లర. ఆ సున్నా తీసేసి ఐతారం ఇరవై నాలుగు పెడితే నూట ముప్ఫై నాలుగు. ఆరుకు పంచితే ఇరవై రెండు దాటింది. అతని పెదవులు ఉర్దూల కదులుతుంటే ముందు వరుస ఆడపిల్ల ఒకతి, సారు మంత్రం చదువుతున్నడని పక్కపిల్లకు చెప్పింది. వరుసంతా కిసకిస నవ్విండ్రు.

నవ్వనిచ్చిండు. పక్క బడి వాగు అవతల కోసున్నర దూరం. బడి మూస్తే మగపిల్లలల్ల సగం మంది పోతరేమో. ఈ పద్నాలుగు మంది ఆడపిల్లలను మాత్రం ఎవరూ వాగు దాటియ్యరు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఇన్నేండ్ల నుంచి ఊళ్ల లెక్కలు రాస్తున్న తనకు తప్ప.

మొండయ్యను పక్కకు పిలిచి రెండు మాటలూ ఒక్కసారే చెప్పేసిండు. ఆ గీత కాలువ కాదని, ఆ రోజు నువ్వు చెయ్యెత్తింది ఈ బడి మూయడానికని.

మొండయ్య గడ్డపారలు పట్టుకొని నిలబడ్డోళ్లను చూసిండు, కొబ్బరి చిప్పలు చూసిండు.

“కాలువ రాకుంటే ఇదివరకు ఎట్లున్నమో అట్లనే ఉంటం,” అన్నడు. “బడి పోతే అట్ల ఉండం గదా సారూ. మీటింగుల చెప్తవా? నలుగురి ముందర?”

“చెప్త,” అన్నడు హనుమండ్లు. ఆ మాట ఎంత సన్నగ వచ్చిందంటే మొండయ్య ఇంకోసారి అడగాల్సి వచ్చింది.

అన్నం తినకుండ మాత్రం పోనియ్యలే. కాలువ కోసమని కోసిన కోడి, ఇప్పుడు లెక్క కోసమని తినుమన్నడు.

మరునాటి నుంచి హనుమండ్లు నలభై రెండు బడులకు కబురు పంపి హాజరు పట్టీలన్నీ తెప్పిచ్చిండు. సగటు కాదు, రోజు రోజు. చూస్తే బొమ్మెనకుంట ఒక్కటే కాదు. ఎనిమిది ఊళ్లల్ల వారంల ఒక రోజు అట్లనే గుంత పడి ఉన్నది. ఒకచోట సోమవారం, ఒకచోట బుధవారం. పక్కన అంగళ్ల జాబితా పెట్టి చూసిండు. గుంత పడ్డ రోజూ అంగడి రోజూ ఒక్కటే, ఎనిమిదింటికి ఎనిమిది. మిగతా ఏడు పెద్ద ఊళ్లు కాబట్టి సగటు ఇరవైకి తగ్గలే, ఎవరికీ తెలియలే. ఆ రోజు అతనికి అన్నం సహించలే, సంతోషానికి.

మళ్లీ కాగితాలు అతికిచ్చిండు. సిరా బుడ్డి తీయబోతుంటే లింగవ్వ చెయ్యి పట్టుకున్నది.

“గీత గీయకు. గీస్తే ఈసారి రైలు పట్టా అంటరు. పిల్లకొక బొట్టు పెట్టు.”

ఆమె కుంకుమ తడిపి ఇచ్చింది, అగ్గిపుల్ల కొసతోని అతను బొట్లు పెట్టిండు. ఊరికి ఏడు గళ్లు, వచ్చిన ప్రతి పిల్లకు ఒక బొట్టు. అంగడి గడి వచ్చినచోట ఖాళీ. బొమ్మెనకుంట శుక్రవారం గడి తెల్లగ ఉన్నది, ఐతారం గడి ఎర్రగ నిండింది.

డిసెంబరు మీటింగు నాడు హనుమండ్లు లేచి నిలబడ్డడు. ఎవరూ అడగకుండనే. ఆ మనిషి తనంతట తాను లేవడం ఎవరూ ఎరుగరు. మొదటి మాట ఉర్దూల వచ్చింది. దగ్గి, మళ్లీ మొదలుపెట్టిండు.

పోయిన నెల గోడకు కట్టింది కాలువ కాదని, బడుల హాజరని, దాంట్ల తన తప్పున్నదని చెప్పిండు. ఒక్కసారే గుసగుసలు లేచినయి. ముత్యమూ అతని పక్క ఊరాయనా నెల రోజుల సంది మాట్లాడుకుంటలేరు. ఇప్పుడు ఒకరి మొగం ఒకరు చూసుకొని తలలు దించుకున్నరు. జగన్మోహన్‌రావు దొర అద్దాలు తుడుచుకుంటూ, కాలువ కాదని నాకు తెల్వదా అన్నట్టు కూసున్నడు. కాలువ వస్తదని దొర తన మోటబావి పూడిక తీసే పని ఆపిచ్చిన సంగతి ఆయన జీతగానికి ఒక్కనికే తెలుసు. మర్నాడు పొద్దుగాల ఆ పని మళ్లీ మొదలైంది.

హనుమండ్లు బొట్ల కాగితం చూపి అంగడి సంగతి చెప్పిండు. రామేశ్వర్‌రావు సారు విన్నడు, మెచ్చుకున్నడు, కానీ తల అడ్డంగ ఊపిండు. సెలవంటే ఐతారమే, రాష్ట్రమంతటా అంతే, ఎనిమిది ఊళ్లకు వేరే వారం పెడితే పైవాళ్లకు ఏం చెప్పాలన్నది ఆయన బాధ. పిల్లలను ఐతారం సెలవుకే అలవాటు చేయరాదా, పదిహేనేండ్లయింది సెలవు మారి అన్నడు.

హనుమండ్లు కూసొని ఉండాల్సింది. కూసోలే.

“సెలవు మారింది సార్, అంగడి మారలే,” అన్నడు. “సెలవు మారిన వారం నేను ఐతారం నాడు కచేరికి పోయి మధ్యాహ్నం దాక మెట్ల మీద కూసున్న. మీరు అప్పుడు లేరు, అంజన్నను అడుగుండ్రి. చదువుకున్నోణ్ణి, జీతమున్నోణ్ణి, కాగితం మీద సంతకం చేసినోణ్ణి. నాకే అలవాటు కాలే. మిరపకాయల మూట కాడ కూసున్న పిల్లకు ఎట్లయితది?”

ఇప్పుడు సమితి బంట్రోతుగ గుమ్మం కాడ నిలబడ్డ అంజన్న ఫక్కున నవ్విండు. వెనక ముత్యం నవ్విండు. చివరికి రామేశ్వర్‌రావు సారుకే నవ్వు ఆగలే. పదిహేనేండ్ల సంది హనుమండ్లును ఏడిపిచ్చిన ముచ్చట, ఆ రోజు అతను తన చేత్తోనే తీసి అందరి ముందర పెట్టిండు.

దొర గొంతు సవరించుకున్నడు. “అంగడి నాడు సెలవు, ఐతారం బడి. ఎనిమిది ఊళ్లకు. పైవాళ్లు అడిగితే నా పేరు చెప్పుండ్రి,” అన్నడు. “బొమ్మెనకుంట బడి అక్కడనే ఉంటది. చేతులెత్తుండ్రి.”

మొండయ్య ఈసారి గోడ దిక్కు చూడలే. అంతా విన్నంక, ఇది బడి ఉండటానికేనా అని పక్కనోణ్ణి అడిగి, అప్పుడు చెయ్యెత్తిండు.

ఉత్తర్వు రాసింది హనుమండ్లే. జనవరి ఒకటి నుంచి అమలు. బాలలక్ష్మి పంతులమ్మకు తానే స్వయంగ ఇస్తే బాగుంటదనిపించింది. ఐతారం గళ్లల్ల ఇక పిల్లల పేర్లే రాయొచ్చని చెప్పాలె. మూడో తారీఖు సెలవు పెట్టుకొని, మంచి అంగీ వేసుకొని, సైకిలు తొక్కుకుంటూ పోయిండు.

వసారాకు తాళం వేసి ఉన్నది. పంతులమ్మ ఇంకా రాలేదేమో అనుకున్నడు. గడప మీద రుమాలు పరిచి కూసున్నడు. ఊరంతా సప్పుడు లేకుండ ఉన్నది. పొద్దు నెత్తికెక్కుతున్నా ఎవరూ రాలే.

చివరికి మిరపకాయల బుట్ట నెత్తిన పెట్టుకొని ఆలస్యంగ పోతున్న కిష్టవ్వ అనే ముసలామె ఆగింది. హనుమండ్లును ఎగాదిగా చూసింది.

“ఎవరి కోసం కూసున్నవు బిడ్డా? ఇయ్యాల శుక్కురారం, బడికి సెలవు. సమితిల ఎవరో సారు రాసిండట.”